లీటరు నూట పది దగ్గర నిలిచింది: ఇక ఉరుముల వెంట వెళ్ళేదెలా?

మోడం_కర్నూలు
ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పడమటి దిక్కున మబ్బు లేస్తే గాలివానను దగ్గర నుంచి చూడటానికి బండి తీసి దాని వెంట వెళ్ళడం ఇక్కడ చాలామందికి ఏళ్ళుగా ఉన్న అలవాటు. ఆ అలవాటు చేజారిపోతోందన్న బాధతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 2020 మొదట్లో ఎనభై రూపాయల దరిదాపుల్లో ఉన్న లీటరు పెట్రోలు మన జిల్లాల్లో నూట పది దగ్గరకు ఎక్కి కూర్చుంది. కర్నూలులో బయలుదేరి, డోన్, గుత్తి మీదుగా గుంతకల్లు దాకా వెళ్ళి, మబ్బు ఎటు నడిస్తే అటు తిరిగి రాత్రికి ఇల్లు చేరితే 300 కిలోమీటర్లు తేలిగ్గా దాటుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 20 లీటర్లు కావాలి. అప్పట్లో 1,600 రూపాయలతో అయ్యేది ఇప్పుడు 2,200 అవుతోంది. అమకతాడు, కాసేపల్లి టోల్ గేట్ల దగ్గర కట్టేది దీనికి అదనం. నెల జీతం మీద నడిచే ఇంట్లో ఈ ఖర్చుకు జవాబు చెప్పడం కష్టం, అందులోనూ చినుకైనా చూడకుండా తిరిగి వచ్చిన రోజున మరీ కష్టం. మీరంతా ఏం చేస్తున్నారు? తిరగడం తగ్గించారా, మానుకున్నారా, లేక వేరే దారి ఏదైనా దొరికిందా?

గుత్తికోట
నేను కారు పక్కన పెట్టి మోటారు సైకిలుకు మారాను. లీటరుకు 50 కిలోమీటర్లు వస్తుంది కాబట్టి మీరు చెప్పిన 300 కిలోమీటర్లకు 6 లీటర్లు చాలు, అంటే 660 రూపాయలు. టోల్ కూడా లేదు. మట్టి దారుల్లో తోటల మధ్య నుంచి మబ్బు అంచు దాకా వెళ్ళడానికి కారు కంటే ఇదే నయం.

కదిరి_మల్లె
గుత్తికోట గారూ, మీ లెక్క సరైనదే కానీ ఆ సలహాను నేను ఒప్పుకోలేను. పైకప్పు, తలుపులు అన్నీ లోహంతో ఉన్న కారు మీద పిడుగు పడితే విద్యుత్తు ఆ లోహపు పైపొర వెంట నేలకు దిగిపోతుంది, అద్దాలు మూసుకుని లోపల కూర్చున్నవారికి రక్షణ ఉంటుంది. చాలామంది అనుకున్నట్లు ఆ రక్షణ టైర్లది కాదు, లోహపు గూటిది. మోటారు సైకిలు మీద ఆ గూడు లేదు. చుట్టూ వేరుశనగ చేలు, ఎర్రనేల, అక్కడొక చెట్టు ఇక్కడొక చెట్టు ఉన్న అనంతపురం మైదానంలో బండి మీద కూర్చున్న మనిషే ఆ చుట్టుపక్కల ఎత్తైన వస్తువు. వాన పడుతున్న చోటికి పది పదిహేను కిలోమీటర్ల దూరంలో, నెత్తిన ఎండ కాస్తున్నప్పుడు కూడా పిడుగు పడుతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు కూడా లేవంటే మీరు ఇప్పటికే ఆ పరిధిలో ఉన్నారని అర్థం. పెట్రోలు మిగుల్చుకోవడానికి తలదాచుకునే చోటును వదులుకోవడం సరికాదు.

గుత్తికోట
ఆ ప్రమాదం నాకు తెలియనిది కాదు మల్లె గారూ. ఉరుము వినిపించగానే ఏదో ఒక పక్కా కట్టడం వెతుక్కుంటాను, చివరి ఉరుము వినిపించాక అరగంట దాకా బయటికి రాను. అయినా కారు అందరికీ ఉండదు కదా. కారు లేనివాడు ఈ సరదాకు తగడా?

తుంగభద్ర
మన రాష్ట్రంలో పెట్రోలు మీద అమ్మకం పన్ను 31 శాతం. దాని మీద లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, ఒక రూపాయి రోడ్డు సుంకం ఉన్నాయి. అందుకే సరిహద్దు దాటి బళ్ళారి వైపు వెళితే లీటరుకు ఐదారు రూపాయలు తగ్గుతుంది. మబ్బు ఎలాగూ పడమర నుంచే ఎక్కువగా లేస్తుంది కాబట్టి ట్యాంకు అక్కడ నింపుకుంటే సరిపోతుంది.

మోడం_కర్నూలు
తుంగభద్ర గారూ, 20 లీటర్లకు మీరు చెప్పిన తేడా మొత్తం 110 రూపాయలు, అంటే ఒక్క లీటరు. ఆ బంకు కోసం పదిహేను కిలోమీటర్లు దారి మళ్ళితే మిగిలింది కాస్తా కరిగిపోతుంది. ఉరవకొండ, విడపనకల్లు మీదుగా వెళ్ళవలసిన రోజున అయితే తప్పకుండా పనికొస్తుంది. కర్నూలు నుంచి అలంపూర్ చౌరస్తాకు వెళ్ళి నింపుకునే మిత్రులకూ ఇదే మాట, అక్కడ తేడా ఇంకా తక్కువ.

ఉరవకొండ_గాలిమర
ధర సంగతి కాసేపు పక్కన పెట్టి మబ్బు సంగతి చూద్దాం, ఎందుకంటే మన పెట్రోలు ఎక్కువగా వృథా అవుతున్నది బంకు దగ్గర కాదని నా గట్టి అభిప్రాయం. మన వేసవి గాలివానల్లో అత్యధికం ఒంటరి మబ్బులు. అలాంటి మబ్బు లేచి, కురిసి, కూలిపోవడానికి పట్టే సమయం అరగంట నుంచి గంట. అది 80 కిలోమీటర్ల దూరంలో మెరుస్తుండగా చూసి మీరు బయలుదేరితే, మన రోడ్ల మీద అక్కడికి చేరేసరికి తడిసిన నేల, తెల్లగా పరుచుకున్న పైమబ్బు తప్ప ఇంకేమీ మిగలదు. అందువల్ల కనిపిస్తున్న మబ్బు వెంట పరుగెత్తడం ఇక్కడ ఎప్పుడూ నష్టమే. వెళ్ళవలసింది రెండో మబ్బు పుట్టే చోటికి.

కూలుతున్న మొదటి మబ్బు నుంచి చల్లగాలి కిందికి దిగి, నేల మీద పరుచుకుంటూ ముందుకు వస్తుంది. ఎదుట ఉన్న వేడి తేమగాలిని అది పైకి నెట్టిన చోట కొత్త మబ్బు లేస్తుంది. ఆ చల్లగాలి ఎక్కడికి వచ్చిందో తెలుసుకోవడానికి మా ఊరి చుట్టుపక్కల గాలిమరలను మించిన సాధనం నాకు దొరకలేదు. మామూలు సాయంత్రం అవన్నీ ఒకే దిక్కుకు ముఖం పెట్టి తిరుగుతుంటాయి. చల్లగాలి తగలగానే ముందు వరుసలోని మర రెక్కల వేగం తగ్గి, కాసేపు తడబడి, తలను మెల్లగా మబ్బు వైపు తిప్పుకుంటుంది. కొద్ది నిమిషాల తర్వాత దాని వెనుకది తిరుగుతుంది, ఆ తర్వాత మూడోది. ఆ వరుసను చూస్తే గాలి ఎంత వేగంతో, ఎటు వస్తోందో తెలిసిపోతుంది. వాటి వెనుకే ఎర్రదుమ్ము గోడలా లేస్తుంది. రోడ్డు పక్కన కారు ఆపుకుని, అద్దాలు ఎత్తుకుని, ఒక్క చుక్క పెట్రోలు కాల్చకుండా నేను చూసినంత మంచి గాలివానలను వెంటపడి చూడలేదు.

మోడం_కర్నూలు
ఈ వివరణకు చాలా కృతజ్ఞతలు. ఒక సందేహం. గాలిమరలు లేని ఆదోని, ఆలూరు వైపు ఏం చేయాలి?

ఉరవకొండ_గాలిమర
నల్లరేగడి పొలాల్లో దుమ్ము, రోడ్డు పక్క తుమ్మచెట్ల వంపు, జెండా ఏదైనా ఉంటే అది చూడాలి. గాలి ఒక్కసారిగా చల్లబడి దిక్కు మారితే చాలు. మధ్యాహ్నం రెండు మూడు గంటల వేళ ఉపగ్రహ చిత్రం కూడా చూసుకోండి. మన ఇన్శాట్ ఉపగ్రహాలు తీసే చిత్రాలు ఉచితంగానే అందుబాటులో ఉన్నాయి. మరాఠ్వాడా, కర్ణాటక లోతట్టు ప్రాంతాల మీదుగా తమిళనాడు దాకా ద్రోణి (గాలి ఒత్తిడి తక్కువగా ఉండే పొడవాటి పట్టీ) ఉందని వాతావరణ శాఖ బులెటిన్‌లో కనిపించిన రోజులనే ఎంచుకుంటే ఖాళీ తిరుగుళ్ళు చాలా వరకు తగ్గుతాయి.

ప్రొద్దుటూరు_నుంచి_ఓక్లహోమా
నేను పుట్టి పెరిగింది ప్రొద్దుటూరులో, ఉద్యోగం అమెరికాలోని ఓక్లహోమాలో. ఉరవకొండ గారు చెప్పిన మబ్బు ఆయుష్షు దగ్గరే మన సీమకూ ఓక్లహోమాకూ అసలు తేడా. ఓక్లహోమా, కాన్సాస్, టెక్సాస్ మైదానాల్లో మే నెలలో వచ్చే సూపర్‌సెల్ అనే తిరుగుడు మబ్బు గంటల తరబడి బతుకుతుంది, వందల మైళ్ళు నడుస్తుంది. అందుకే దాని వెంట వెళ్ళడానికి అర్థం ఉంది. 1956లో డేవిడ్ హోడ్లీ నార్త్ డకోటాలో మొదలుపెట్టిన ఈ సరదా అక్కడ వేళ్ళూనుకోవడానికి ఆ మబ్బు స్వభావమే కారణం. నార్మన్ పట్టణంలోని తుపాను అంచనా కేంద్రం కొన్ని రోజుల ముందే ఏ ప్రాంతానికి ఎంత ప్రమాదమో పటం గీసి ఇస్తుంది, దేశమంతటా మబ్బుల్లోని వాననూ గాలినీ దూరం నుంచే పసిగట్టే డాప్లర్ రాడార్లు దాదాపు 160 ఉన్నాయి, పొలాల మధ్య మైలుకొక రోడ్డు గళ్ళు గీసినట్లు ఉంటుంది.

ఇంత ఉన్నా ఇంధనం ధర అక్కడా దెబ్బ తీసింది. 2008 వేసవిలో గ్యాలను (3.785 లీటర్లు) సగటు ధర 4 డాలర్లు దాటింది, 2022 జూన్‌లో 5 డాలర్లు దాటింది. ఒక రోజు 500 మైళ్ళు తిరిగితే, గ్యాలనుకు 25 మైళ్ళిచ్చే కారుకు 20 గ్యాలన్లు, అంటే 100 డాలర్లు. ఆ సీజనులో నాకు తెలిసినవారు చేసింది ఏమిటంటే, అంతంతమాత్రం అవకాశమున్న రోజులను వదిలేశారు, ఒకే కారులో ముగ్గురు నలుగురు ఎక్కారు, రోజూ ఇంటికి తిరిగి రాకుండా కాన్సాస్‌లోనే చవక గదుల్లో ఆగి మరునాటి మబ్బు కోసం ఎదురు చూశారు. అమెరికాను గగ్గోలు పెట్టించిన ఆ 5 డాలర్ల ధరను అప్పటి మారకం లెక్కలో లీటరుకు మార్చితే నూరు రూపాయలకు కాస్త పైన తేలుతుంది. మన బంకుల్లో అప్పటికే అంతకంటే ఎక్కువ. సంపాదనల తేడా కూడా కలిపి చూసుకుంటే ఈ సరదా కోసం మీరు మోస్తున్న భారం ఎంతో నాకు అర్థమవుతోంది.

నల్లమల_నీడ
సుడిగాలుల వెంట వెళ్ళినవారు చనిపోయిన ఘటన అక్కడే కదా జరిగింది?

ప్రొద్దుటూరు_నుంచి_ఓక్లహోమా
అవును, 2013 మే 31న ఎల్ రీనో దగ్గర. దాదాపు 2.6 మైళ్ళ వెడల్పుకు పెరిగి, ఉన్నట్టుండి దిక్కు మార్చిన సుడిగాలిలో టిమ్ సమారాస్, ఆయన కుమారుడు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ప్రాణాలు కోల్పోయారు. వారు ఎంతో అనుభవం ఉన్న పరిశోధకులు. అందువల్ల గుత్తికోట అన్నకు నేనూ చెప్పేది ఒక్కటే, ఖర్చు తగ్గించుకునే ఏ పద్ధతినైనా ముందుగా తప్పించుకునే దారితో కలిపి తూకం వేయండి.

అరటితోట_పులివెందుల
నేను మీ వేదికలో రాయడం తక్కువ, చదవడం ఎక్కువ. ఇది చదివాక రాయక తప్పడం లేదు. మీరు చూడటానికి వెళ్ళే ఆ ఈదురుగాలి మాకు గెల వేసిన అరటిచెట్లను నిలువునా కూల్చేస్తుంది. నీళ్ళు పెట్టి, ఎరువు వేసి, కోతకు రెండు వారాలు ఉందనగా అరగంటలో తోట నేలమట్టమైతే ఆ రైతు ఇంట్లో పొయ్యి వెలగదు. ఇంధనం ధర మాకూ ఉంది. డీజిలు పెరిగినప్పుడల్లా ట్రాక్టరు దుక్కి బాడుగ పెరుగుతుంది, కాయను మార్కెట్టుకు చేర్చే లారీ బాడుగ పెరుగుతుంది, పండు ధర మాత్రం పెరగదు. సరదా కోసం పెట్రోలు ఖరీదైందని ఇంతమంది బాధపడుతుంటే నాకు మనసు చివుక్కుమంది.

మోడం_కర్నూలు
మీ మాట నన్ను కదిలించింది. మీ నష్టం ముందు మా ఖర్చు ఎంతో చిన్నదని ఒప్పుకుంటాను. అయితే మాలో ఎవరూ తోట కూలాలని కోరుకుంటూ వెళ్ళరు. మేం చూసినా చూడకపోయినా ఆ గాలి వస్తుంది. చూసినందువల్ల మీకు ఉపయోగం కలిగేలా ఏం చేయగలమో చెప్పండి, చేస్తాం.

అరటితోట_పులివెందుల
రెండు పనులు చేయండి. మొదటిది, వడగళ్ళు పడుతున్నట్లు కంటితో చూస్తే ఆ గాలి వెళ్ళే దారిలో ముందున్న ఊళ్ళో తెలిసిన మనిషికి ఫోను చేయండి. అరగంట ముందు తెలిస్తే తోటను కాపాడుకోలేం కానీ, చేలో ఉన్న కూలీలను ఇంటికి పంపించగలం, చెట్ల కింద కట్టేసిన పశువులను కొట్టానికి తోలుకోగలం. పిడుగుకు మా దగ్గర పోయేది ఎక్కువగా వాళ్ళే. రెండోది, మీరు తీసే ఫొటోల్లో తేదీ, సమయం, ఊరి పేరు ఉండేలా చూడండి. పంటనష్టం రాయడానికి అధికారి వచ్చేసరికి రోజులు గడుస్తాయి. ఫలానా రోజు ఫలానా ఊళ్ళో వడగళ్ళు పడ్డాయని చూపించే బొమ్మ ఒక్కటి ఉన్నా రైతు సేవా కేంద్రంలో మా మాటకు బలం వస్తుంది.

పెన్నా_తీరం
అరటితోట గారు అడిగినది చిన్న విషయం కాదు. నేను దీనికి ఒక లెక్క జోడిస్తాను. రాడార్ కిరణం దాదాపు తిన్నగా పోతుంది, భూమి మాత్రం వంగి ఉంటుంది. హైదరాబాదు రాడార్ తన అతి తక్కువ కోణంలో పంపిన కిరణం కర్నూలు చేరేసరికి నేల నుంచి మూడున్నర, నాలుగు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అనంతపురం దగ్గర అది ఏడు కిలోమీటర్లు దాటుతుంది. మబ్బు పై భాగం అందులో కనిపిస్తుంది కానీ, నేల దగ్గర గాలి ఎంత బలంగా వీస్తోందో, పడుతున్నది వానో వడగళ్ళో, అసలు చినుకు నేలను తాకుతోందో గాలిలోనే ఆవిరవుతోందో అది చెప్పలేదు. ఆ ఖాళీని పూరించగలిగేది అక్కడ నిలబడి చూసిన మనిషి మాత్రమే. కాబట్టి పెట్రోలు ధర పెరిగిందని మనమంతా ఇళ్ళలో కూర్చుంటే పోయేది ఒక సరదా మాత్రమే కాదని నేను నమ్ముతున్నాను.

సీమ_మెరుపు
నేను ఇళ్ళలో కూర్చునే వర్గానికి చెందినవాడిని, దాన్ని సమర్థించుకుంటాను కూడా. 14 కిలోమీటర్ల ఎత్తుకు లేచిన మబ్బు శిఖరం, గాలి తేటగా ఉంటే, లెక్క ప్రకారం 400 కిలోమీటర్ల దూరం దాకా దిక్చక్రం మీద కనిపించాలి. ఆచరణలో దుమ్ము, పొగమంచు వల్ల అంత దూరం దొరకదు కానీ, బళ్ళారి వైపు మెరిసే మబ్బును కర్నూలు మిద్దె మీద నుంచి రాత్రి పూట చక్కగా చూడవచ్చు. నిజానికి మబ్బు కింద ఉన్నవాడికి దాని ఆకారం తెలియదు. దూరం నుంచి చూసినవాడికే లోపల మెరుపు పారినప్పుడు పొరలు పొరలుగా మొత్తం మబ్బు వెలగడం కనిపిస్తుంది. ముక్కాలి పీట మీద కెమెరా పెట్టి, పదిహేను ఇరవై సెకన్ల పాటు తెరిచి ఉంచితే చాలు. ఖర్చు సున్నా. మీ ఊరి మీదకే ఉరుము వస్తే మాత్రం మిద్దె దిగిపోవాలి.

గుత్తికోట
బొమ్మ బాగుంటుంది, కాదనను. కానీ పెన్నా_తీరం గారు చెప్పిన పని మిద్దె మీద నుంచి జరగదు. వడగల్లు గోలీకాయంత ఉందో నిమ్మకాయంత ఉందో బళ్ళారి మబ్బు కర్నూలుకు చెప్పదు.

గుంతకల్లు_జంక్షన్
రైలును ఎవరూ తలచుకోకపోవడం ఆశ్చర్యంగా ఉంది. మా ఊరి నుంచి బళ్ళారికి, రాయచూరు వైపుకు, డోన్‌కు, గుత్తికి, ధర్మవరానికి దారులు విడిపోతాయి. ఉదయం ఉపగ్రహ చిత్రం చూసుకుని ఏదో ఒక దిక్కు ఎంచుకుని ప్యాసింజరు ఎక్కితే పెట్రోలు ఊసే లేదు. స్టేషను పైకప్పు కింద నిలబడితే తల దాచుకోవడానికీ ఇబ్బంది లేదు. మబ్బు వేరే దిక్కుకు పోతే మాత్రం మళ్ళీ రైలు వచ్చేదాకా చేసేదేమీ లేదు, ఆ లోటు ఒప్పుకోవాలి.

తుగ్గలి_చేను
మా వైపు తొలకరి జల్లు పడిందంటే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం బండ్లు వేసుకుని వస్తారు. వాన చూడటానికి వచ్చినవారు మరునాడు కూడా ఆగి వెతకండి, ఒక్క రాయి తగిలినా పదేళ్ళ పెట్రోలు ఖర్చు తీరిపోతుంది!

నల్లమల_నీడ
విద్యుత్ స్కూటరు వాడేవారు ఎవరైనా ఉన్నారా?

కదిరి_మల్లె
మా తమ్ముడికి ఉంది. ఊళ్ళో తిరగడానికి చాలా బాగుంది. ఛార్జింగు చూసుకుని వెనక్కి మళ్ళవలసి రావడం వల్ల నలభై యాభై కిలోమీటర్లు దాటి వెళ్ళలేం, పల్లె దారుల్లో ఛార్జింగు దొరకదు, గాలివాన వచ్చిన సాయంత్రం పల్లెల్లో ముందు పోయేది కరెంటే. పైగా అదీ రెండు చక్రాల బండే.

మళ్ళీ మొదటి లెక్కకు వస్తాను. కారులో 300 కిలోమీటర్లకు 2,200 రూపాయలు. నలుగురు ఎక్కితే మనిషికి 550. గుత్తికోట గారి మోటారు సైకిలుకు 660. అంటే ఒంటరిగా బండి మీద వెళ్ళడం కంటే నలుగురు కలిసి కారులో వెళ్ళడమే చవక, టోల్ కలుపుకున్నా ఇంచుమించు సమానం. ఒకరు బండి నడిపితే ఒకరు ఉపగ్రహ చిత్రం చూస్తారు, ఒకరు ఫొటో తీస్తారు, ఒకరు అరటితోట గారు అడిగినట్లు ముందున్న ఊళ్ళకు ఫోను చేస్తారు. కారు లేనివాడు తగడా అని గుత్తికోట గారు అడిగారు కదా, ఆయన ప్రశ్నకు నా జవాబు ఇదే.

గుత్తికోట
ఈ లెక్క ముందు నా వాదన నిలవదు. గుత్తిలో జాతీయ రహదారి మీద ఎక్కించుకుంటానంటే బండి ఇంట్లో పెట్టి వస్తాను. కారు యజమానికి అరుగుదల కింద ఏమైనా ఇవ్వాలా?

మోడం_కర్నూలు
అరుగుదల అక్కర్లేదు. ట్యాంకు నిండా పోయించి బయలుదేరుదాం, తిరిగి వచ్చాక అదే బంకులో మళ్ళీ నిండా పోయిద్దాం, ఆ రెండో రసీదునూ టోల్‌నూ మాత్రం ఎక్కినవారంతా సమానంగా పంచుకుందాం. వేగం ఎనభై దాటకుండా నడిపితే రసీదు ఇంకా తగ్గుతుంది. కర్నూలు, డోన్, గుత్తి దారిలో నా కారులో ముగ్గురికి చోటుంది. మధ్యాహ్నం రెండు గంటల ఉపగ్రహ చిత్రం చూశాకే వెళ్ళాలా వద్దా అని నిర్ణయిస్తాను, అంతకు ముందు ఎవరూ ఇంటి నుంచి కదలవద్దు. అనంతపురం నుంచి ఉరవకొండ వైపు కారు తీయగలిగినవారు పేరు చెప్పండి. అరటితోట గారూ, పులివెందుల, వేంపల్లె, లింగాల వైపు ఫోను చేయదగిన మనుషుల నంబర్లు నాకు విడిగా పంపండి, ఇక్కడ అందరికీ కనిపించేలా రాయవద్దు.

ఉరవకొండ_గాలిమర
అనంతపురం వైపు కారు నాది. ముగ్గురికి చోటుంది. గాలిమరల దగ్గర ఆగుదాం.

అరటితోట_పులివెందుల
నంబర్లు పంపాను. లింగాల వైపు ఇంకా ఇద్దరిని అడిగి రేపు చెబుతాను.